మంచం కింది కట్ట విప్పినం

కొత్త సంవత్సరం మొదటి రోజున సొంత పుస్తకం ముచ్చట పక్కకు పెట్టి, పోయినేడు తోటి రచయితలు రాసిన కథలను, కవితలను యాది చేసుకుంట మీరు రాసిన వ్యాసం చదివితే మస్తు సంబురమైంది సార్. ఒక్కో కథల మీకు నచ్చిన వాక్యాన్ని పట్టి చూపించిండ్రు చూడుండ్రి, అదీ మెచ్చుకోలంటే. సభల్లో శాలువా కప్పి, ఫొటో దిగి పోయేటోళ్లల్ల సగం మంది అట్ట కూడా తిప్పరు (నేను గూడ ఒకసారి గట్లనే చేసిన, అబద్ధమెందుకు).

మాది హనుమకొండ. 1904ల పెట్టిన రాజరాజ నరేంద్ర భాషానిలయం అనే గ్రంథాలయం ఉన్న ఊరు, కాళోజీ తిరిగిన ఊరు. అయినా మా సోపతిగాడు కవితలు అచ్చేయించుకుంటే 500 కాపీలల్ల 300 ఇంకా మంచం కిందనే ఉన్నయి. మొన్న జనవరి 1న నలుగురం వాళ్లింటికి పోయినం. కేకు గీకు లేదు, చాయ్, సర్వపిండి. కట్ట విప్పి తలా ఒక కవిత పైకి చదివినం. బీడీ ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు మీద ఒకటున్నది. అది చదువుతుంటే వాళ్లమ్మ వంటింట్ల నుంచి వచ్చి గడప కాడ నిలబడ్డది. "గది నా కత్తెరేనారా?" అన్నది. వాడు తల వంచుకున్నడు. పుస్తకం వచ్చి ఎనిమిది నెలలైంది, అమ్మకు చదివి వినిపించనే లేదట!

మీ వ్యాసంల ఒక్కటే లోటు. ఆదిలాబాద్ దిక్కు నుంచి ఒక్కరి పేరు లేదు. ఇంకోటి, ఆ పుస్తకాలు ఎక్కడ దొరుకుతయో, ధర ఎంతో జర రాయుండ్రి సార్. కొనుక్కుంటం.