మ్యూజియం టచ్ స్క్రీన్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ చిన్న మ్యూజియంలోని పెద్ద టచ్ స్క్రీన్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, ‘తాత్కాలికంగా పని చేయుట లేదు’ అన్న కాగితం తమరి మొహానికే అంటించి ఉంది. ఆ కాగితం అంచులు పచ్చబడి, ఒక మూల టేపు ఊడి వేలాడుతోంది కాబట్టి ‘తాత్కాలికం’ అనే మాటకి తమరి దగ్గర వేరే లెక్క ఉన్నట్టుంది.

తమరు వచ్చిన రోజు వైభోగమే వైభోగం కదా! రిబ్బన్, కత్తెర, ఫోటోలు, చప్పట్లు. గ్రాంటు డబ్బంతా తమరిని కొనడానికే సరిపోయింది, తమరిలో ఏం పెట్టాలన్న ఆలోచన మాత్రం తర్వాతకి వాయిదా పడింది, ఆ తర్వాత ఇంకా రాలేదు. టికెట్లు చింపే మనిషే తాళాలు వేసి, దుమ్ము దులిపి, బడిపిల్లలకి కథలు చెప్పే చోట తమరికి సమాచారం ఎవరు మేపాలి? అందుకే తమరు బాగున్న రోజుల్లోనూ చూపించింది అధికారుల సందేశం, తమరి ప్రారంభోత్సవ ఫోటోలు, పక్క గోడ మీద బోర్డులో ఉన్న వాక్యాలే మళ్ళీ, అక్షరదోషాలతో సహా.

పైగా ఆ తాకుడు ఒకటి. ‘ఇక్కడ తాకండి’ అన్న చోట తాకితే ఉలుకూ పలుకూ ఉండదు, దానికి జానెడు పైన గట్టిగా నొక్కితే ఎక్కడో ఇంకేదో తెరుచుకుంటుంది. నాణేల గురించి చదువుదామని నొక్కితే ‘అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు’ అని వచ్చి కూర్చుంటుంది. అటెండర్ వచ్చి ప్లగ్గు పీకి మళ్ళీ పెడతాడు. ఈలోపు పిల్లలు తమరి గాజులో మొహాలు చూసుకుని జుట్టు సర్దుకుంటారు, ఆ లెక్కన చూస్తే సందర్శకులని ఆకట్టుకున్నట్టే.

తమరి దాయాదుల సంగతి కూడా విన్నాను. ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రోగ్రాములతో బతికినవాళ్ళు వాళ్ళలో కొందరు. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ దానికి సపోర్టు ఆపేసింది, బ్రౌజర్లూ దాన్ని వదిలేశాయి, మళ్ళీ రాయించడానికి డబ్బెక్కడిది? శిల్పం శతాబ్దాలు నిలబడింది, దాని గురించి చెప్పే ప్రోగ్రాము మాత్రం నిలబడలేదు.

ఇప్పుడు తమరికి కోపం తెప్పించే పేరు ఒకటి ఎత్తుతాను: క్యూఆర్ కోడ్. 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీలో మసాహిరో హరా బృందం కార్ల విడిభాగాల లెక్క కోసం తయారు చేసిన గళ్ళ ముక్క అది. పేటెంటు ఉన్నా వాడుకున్నవాళ్ళని డబ్బు అడగలేదు, అందుకే ఊరూవాడా పాకింది. తప్పులు తనే సరిదిద్దుకునే అన్నిటికంటే గట్టి స్థాయిలో తయారు చేస్తే సుమారు 30 శాతం చెరిగిపోయినా ఫోను దాన్ని చదివేస్తుంది. తమరేమో ఒక్క వైరు వదులైతే మంచం పడతారు.

2011లో ఇంగ్లండులోని డెర్బీ మ్యూజియంలో క్యూఆర్‌పీడియా అని మొదలుపెట్టారు. వస్తువు పక్కన కోడ్ ఉంటుంది, మన ఫోను ఏ భాషలో ఉందో చూసుకుని ఆ భాషలో వికీపీడియా వ్యాసం ఉంటే దాన్నే తెరుస్తుంది. తమరు రెండో భాష అడిగితేనే ‘త్వరలో’ అంటారు! ఆడియో గైడు సంగతికొస్తే అది 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో రేడియో రిసీవర్లతో మొదలైంది, ఇప్పుడైతే బ్లూమ్‌బర్గ్ కనెక్ట్స్ లాంటి యాప్‌లో గైడు పెట్టుకోవడానికి మ్యూజియం దగ్గర రుసుమే తీసుకోరు. కావాల్సింది చెప్పేవాడు. తమరి ప్లగ్గు పీకే ఆ అటెండర్‌కే ప్రతి వస్తువు వెనకా ఒక కథ తెలుసు, ఏ బొమ్మ ముక్కు ఎలా విరిగిందో కూడా. ఆయన్ని కూర్చోబెట్టి ఫోన్లో రెండేసి నిమిషాలు రికార్డు చేస్తే చాలు, తమరి జీవితకాలంలో చెప్పలేనిది ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుంది.

అలాగని ఆ గళ్ళ ముక్కని నెత్తిన పెట్టుకోవడం లేదు. కొన్నిచోట్ల దాన్ని లైటు మెరిసే అద్దం లోపల అంటిస్తారు, ఎటు తిరిగినా ఫోనుకి చిక్కదు. చిక్కితే మ్యూజియం వెబ్‌సైటు మొదటి పేజీ తెరుచుకుంటుంది, అక్కడి నుంచి మన తిప్పలు మనవి. ఇంకొందరు ఉచితం కదా అని ఎవరిదో కంపెనీ గుండా వెళ్ళే డైనమిక్ కోడ్ తీసుకుంటారు, ట్రయల్ గడువు అయిపోగానే ‘చందా కట్టండి’ అని సందర్శకుడికే కనిపిస్తుంది. సొంత వెబ్ చిరునామాతో మామూలు కోడ్ ముద్రించుకుంటే ఈ టెన్షన్ లేదు. మందపాటి గోడల మధ్య సిగ్నల్ అందదు కాబట్టి వైఫై ఉండాలి, ఫోను లేనివాళ్ళ కోసం అదే సమాచారం పెద్ద అక్షరాల్లో ఒక అట్ట మీద ఉండాలి. ఇవన్నీ కలిపినా తమరి ఏడాది నిర్వహణ ఒప్పందం ఖర్చుకి దగ్గరికి రావనుకుంటా.

కానీ ఏం లాభం, కాగితం ముక్కకి రిబ్బన్ కట్టలేరు. ఆడియో ఫైలు పక్కన నిలబడి ఫోటో దిగలేరు. అందుకే మళ్ళీ గ్రాంటు వస్తే తమరి స్థానంలో తమరికంటే పెద్దదాన్ని, ఈసారి కృత్రిమ మేధ ఉన్నదాన్ని తెస్తారని వినికిడి. తమరు గోదాములోకి వెళ్తారు, పాత వస్తువులతో సహవాసం ఎలాగూ అలవాటే.

వెళ్ళేముందు ఒక్క ఉపకారం చేసి వెళ్ళండి. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు పాయింటు తమరు ఆక్రమించుకున్నదే. అది ఖాళీ చేస్తే ఫోన్లు పెట్టుకుంటాం.

ఇట్లు,
చార్జింగ్ 4 శాతానికి దిగిన ఒక సందర్శకుడు