పుకారు తొక్కు బూజు పట్టకుండ నిల్వ చేసే విధానం

పాలమూరు, నల్లగొండ దిక్కు వానకాలం మొదలైతే నాట్ల కన్నా ముందు పడేది కృష్ణా వరద వీడియో. 2009 అక్టోబరుల ఆలంపూర్‌ను ముంచిన నీళ్లు ఆ ఏడే సముద్రంల కలిసినయి. ఫోన్లల్ల మాత్రం ప్రతి ఆగస్టుకు మళ్లొస్తున్నయి. ఆవకాయ కూడా ఇన్నేండ్లు ఆగదు. ఈ విద్య అంతరించిపోకుండ పద్ధతిగా రాసి పెట్టుడు అవసరం.

తడి గరిటె తగిలిన తొక్కు ఎట్లనో, తారీఖు తగిలిన పుకారు అట్లనే. "ఇప్పుడే అందిన వార్త" అని రాస్తే ఏ ఏడైనా చెల్లుతది. బండ్ల నంబర్లతోని పైలం. రోడ్డు మీద అన్నీ పాలమూరు పాత నంబరు ఏపీ 22లే ఉండి, తెలంగాణ వచ్చినంక ఇచ్చిన టీఎస్ 06 గానీ టీజీ గానీ ఒక్కటన్నా లేకపోతే, ఇది 2014కు ముందటిదని ఇంటర్ పోరడు కూడా పసిగడతడు. వాడు అక్కడితో ఆగడు. వీడియో ఆపి, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌ల పెట్టి, ఇదే బొమ్మ ఇంతకుముందు ఎక్కడన్న వచ్చిందా అని దేవులాడతడు. దొరకకపోతే గుడి గోపురమో, దుకాణం బోర్డో కనపడే ఇంకో చోట ఆపుతడు. అందుకే ఉత్త నీళ్లు కనపడే ముక్కనే ఉంచుకోవాలె. నీళ్లన్నీ ఒక్కతీరుగనే ఉంటయి.

ఫార్వర్డ్ బటన్ జోలికి పోవద్దు. ఐదు చాట్లు దాటొచ్చిన దానికి వాట్సాప్ జంట బాణాలు తగిలిస్తది, 2020 ఏప్రిల్ నుంచి అసొంటిది ఒకసారికి ఒక్క చాట్‌కే పోతది. కాపీ కొట్టి పేస్టు చేస్తే బాణాలు రాలిపోతయి, సొంత సరుకు లెక్క కనపడతది.

అంకెలు దండుగ. నాగార్జునసాగర్‌కు క్రెస్ట్ గేట్లు 26, నిండు మట్టం 590 అడుగులు. హాలియా హోటల్ల చాయ్ తాగేటోళ్లకు ఇది నోటికొస్తది. "30 గేట్లు ఎత్తిండ్రు" అని రాసి దొరికిపోయేటోళ్లను చూస్తే జాలేస్తది. "అన్ని గేట్లు" అంటే సరిపోయేదాయె.

ఆరోగ్యం సరుకుకు నల్లగొండను మించిన అంగడి లేదు. "నీళ్లు బాగా మరగబెడితే ఫ్లోరైడ్ పోతది" అన్నదాన్నే చూడుర్రి. ఆవిరయ్యేది నీళ్లు, గిన్నెల మిగిలేది ఫ్లోరైడ్. ఎంత మరిగితే అంత చిక్కబడతది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరినంక పైనీళ్లు వంచుకుని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు కనిపెట్టిండ్రు. దాన్ని లోకమంతా నల్లగొండ టెక్నిక్ అంటది. ఆ పేరున్న ఊర్లనే మరిగే నీళ్లు అమ్ముడుపోయినయంటే తయారుచేసినోళ్ల పనితనానికి దండం పెట్టాలె.

ఇంత చేసినా ఎవడో ఒకడు "ఇది అబద్ధం" అంటడు. అప్పుడు సంగతి పక్కకు పెట్టి చుట్టరికం తియ్యాలె. "పంపింది పెద్దబాపు. పెద్దబాపు అబద్ధమాడతడా?" నీటిమట్టం పంచాయితీ మూడు నిమిషాలల్ల తెగుతది, పెద్దబాపు మర్యాద పంచాయితీ దసరా దాకా నడుస్తది. భయపడాల్సింది గ్రూపుల ఎగిరేటోనికి కాదు. పక్కకు ఫోన్ చేసి, "పెద్దబాపూ, ఇది పాతది లెక్కున్నది, ఒక్కసారి చూస్తవా?" అని నెమ్మదిగ అడిగేటోనికి. పెద్దబాపు తన చేతులతోనే డిలీట్ కొడతడు.

2018ల ఈ పరిశ్రమకు పెద్ద దెబ్బే పడ్డది. పిల్లలను ఎత్తుకపోయేటోళ్లొచ్చిండ్రని పుకార్లు లేస్తే, జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊర్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి జనానికి చెప్పించింది. ఫోన్ల పుట్టినదాన్ని డప్పుతో కొట్టుడు అన్యాయం గాదా?

ఇంకో గండం, మనుషుల నంబర్లు. టీకా సంగతికి ఏఎన్ఎం, పింఛను సంగతికి పంచాయతీ కార్యదర్శి, పంట మందుకు వ్యవసాయ శాఖ ఏఈఓ, నీళ్లకు కాలువ మీది లష్కర్, ఇట్ల ఎవరి పని వాళ్లనే అడిగే ఇగురం ఉన్నోళ్లను గ్రూపుల చేర్చుకోవద్దు. లష్కర్‌ను టీకా గురించి అడిగేటోడైతే పర్వాలేదు, ఉండనియ్యొచ్చు. లష్కర్‌కు నీళ్ల సంగతే ఫోన్ చేసిండా, అయిపోయింది.

"అన్నా, గేట్లు ఎత్తిండ్రంట?"

"ఎవడు చెప్పిండ్రా? ఇంకా 520 అడుగుల కాడనే ఉన్నది. ఆ నీళ్లేవో మీ ఫోన్లకెళ్లి మా కాలువకు మలుపుర్రి, నారు ఎండుతున్నది."