కెర్ఫ్‌ను వదిలేస్తే పెట్టె నిలవదు
లేజర్ కటింగ్ మీద మీరు వేసిన వ్యాసంలో, కెర్ఫ్ అంటే లేజర్ కోసినచోట కాలిపోయే గీత వెడల్పు, వెంట్రుకంత మందమే కాబట్టి కొత్తవాళ్లు పట్టించుకోనక్కర్లేదని రాశారు. పేర్లు చెక్కడానికైతే సరే, పెట్టెలు చేసేవాళ్ల దగ్గర ఈ మాట చెల్లదండి. విజయనగరంలో మా షాపులో బొబ్బిలి వీణ బొమ్మ పెట్టడానికని 3 మి.మీ. ప్లైవుడ్‌తో పెట్టె కోశాను. ఒక పలక అంచున పొడుచుకొచ్చే పన్ను, అది దూరే గాడి రెండూ 10 మి.మీ.కే గీశాను. కెర్ఫ్ 0.2 మి.మీ. ఉంది. పన్ను 9.8కి తగ్గింది, గాడి 10.2కి పెరిగింది. బిగిస్తే లొడలొడలాడింది, బంక పూసినా నిలవలేదు. బేరం పోయింది, షీటూ పోయింది. ఇప్పుడు ఏ షీటు వచ్చినా ముందు చిన్న ముక్క కోసి వెర్నియర్ కాలిపర్‌తో కెర్ఫ్ కొలుస్తున్నాను. లేజర్ ఫోకస్ కాస్త తప్పినా ఆ గీత ఇంకా వెడల్పవుతుంది, అదీ రాయాల్సింది.