దీపలక్ష్మి పటం

పాత పత్రికల ముఖచిత్రాలను పటాలు కట్టించి హాల్లో తగిలించుకోవడం మా బావగారి వ్యసనం. 1947 జూలైలో మద్రాసు నుంచి వెలువడడం మొదలైన చందమామకూ, చక్రపాణి గారి యువ మాసపత్రికకూ వడ్డాది పాపయ్య గారు వేసిన ముఖచిత్రాలంటే ఆయనకు పంచప్రాణాలు. అట్ట నలిగినా, పిన్నులు తుప్పు పట్టినా సహిస్తారు గాని, పైన పత్రిక పేరు, అడుగున ‘వపా’ అన్న సంతకం లేకపోతే అది ఉత్త క్యాలెండరు బొమ్మ అని తీసిపారేస్తారు.

ఈ మధ్య యువ పాత సంచిక అట్ట ఒకటి ఆయన చేతికి చిక్కింది. దాని మీద దీపం పట్టుకున్న ఓ అమ్మాయి. నెల్లూరు మూలపేటలో వాళ్ళింటికి దగ్గరలోనే ఉన్న పటాల అంగడికి దాన్ని తీసుకెళ్ళి, మైదా జిగురు పూస్తే పురుగులు చేరి కాగితాన్ని కొరికేస్తాయనీ, కార్తీకమాసపు వానలకు చెమ్మ పట్టి బొమ్మ అద్దానికి అంటుకుపోతుంది గనుక నడుమ దళసరి అట్టతో అంచు కట్టి ఎడం ఉంచాలనీ ఆయన విడమరిచి చెప్పారు. అంగడాయన అన్నింటికీ తల ఊపాడు. మన వైపు తల ఊపడమంటే విన్నానని అర్థమే గాని, చేస్తానని కాదు.

పటం వచ్చింది. చుట్టూ బంగారు రంగు చట్రం, దాని లోపల తళుకుల అంచు, పైన ఉచితంగా బిగించిన చిన్న ఎర్రబల్బు. బొమ్మను మైదా జిగురుతో చెక్కకు నున్నగా అతికించేశాడు. పత్రిక పేరు లేదు, సంతకమూ లేదు.

“పైన ఏదో పేరు, ధర అచ్చేసి ఉండింది సార్. అమ్మవారి నెత్తిన అంగడి బోర్డు మాదిరి ఉందని కోసేశా. అడుగున ఎవరో పిల్లోళ్ళు గీకినట్టుంటే అదీ తీసేశా.”

బావగారు నోరు తెరిచేలోపే అత్తయ్య పటాన్ని అందుకున్నారు. ఆరోజు శుక్రవారం కావడంతో అద్దానికి పసుపు, కుంకుమ, ఆపైన మల్లెదండ, హారతి వరసగా జరిగిపోయాయి. సాయంత్రానికి ఇరుగుపొరుగు ముత్తైదువలు తాంబూలాలకు కూడా వచ్చారు. హారతి తీసుకున్న పటాన్ని ఊడదీయించే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

కనీసం కోసిన ముక్కలైనా దక్కించుకుందామని బావగారు మర్నాడు మళ్ళీ అంగడికి పరుగెత్తారు.

“అయ్యో, ముందే చెప్పుంటే దాచేవాణ్ణి కదా సార్! నిన్న వెంకటేశ్వరస్వామి పటమొకటి చట్రంలో వదులుగా ఉంటే, బిగువు కోసం వెనక మడిచి పెట్టా.”

“ఎవరిదయ్యా ఆ పటం?”

“మీ పక్క వీధే సార్. ఏ ఇల్లో తెలీదు.”

అప్పటినుంచి ఆ వీధిలో సత్యనారాయణ వ్రతానికి ఎవరు పిలిచినా బావగారు కాదనకుండా వెళ్ళి, అందరూ ప్రసాదానికి లేచిన సందు చూసుకుని దేవుడి పటం వెనక్కి తొంగి చూసి వస్తున్నారు. ఈయనకు ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అని మా అక్క ఆశ్చర్యపోతోంది.