కార్బన్ ప్యాకింగ్: రేటు కాదు, గోడ మందం చూడండి

యాసిడ్ టవర్‌లోకి కొత్త ప్యాకింగ్ కావాలని ప్లాంట్ వాళ్లు ఇండెంట్ పెడితే మన కంపెనీల్లో జరిగేది దాదాపు ఒకటే. పర్చేజ్ వాళ్లు మూడు కొటేషన్లు తెప్పిస్తారు, సిరామిక్ ఇంత, పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) ఇంత, కార్బన్ ఫైబర్ వేసి చేసిన కార్బన్ ప్యాకింగ్ ఇంత అని పక్కపక్కన రాస్తారు, మూడో అంకె చూడగానే ఎవరో ఒకరు నవ్వుతారు, ఆ కాగితం అక్కడితో ఫైల్లోకి వెళ్లిపోతుంది. క్యూబిక్ మీటర్‌కి ఎంత అనే ఒక్క లెక్క మీద ఇలా తేల్చేయడం తప్పని నా అభిప్రాయం. అలాగని గ్యాస్‌ని కడిగే ప్రతి స్క్రబ్బర్‌లోనూ కార్బన్ నింపమని కూడా అనను, అది ఇంకో రకం దుబారా.

ఈ ఫీల్డ్‌లో లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. టవర్‌లో పైనుంచి ద్రవం జారుతుంది, కిందనుంచి గ్యాసో ఆవిరో పైకెళ్తుంది, రెండూ ఎంత ఎక్కువ చోట తగులుకుంటే పని అంత బాగా అవుతుంది, అందుకే లోపల రింగులు, శాడిల్స్, లేదంటే ముడతలు పెట్టిన రేకుల బ్లాకులు నింపుతారు, వీటినే ప్యాకింగ్ అంటారు. చిక్కెక్కడంటే తడిసే ఏరియా ఎక్కువ కావాలి, గ్యాస్‌కి అడ్డం మాత్రం తక్కువ ఉండాలి, ఈ రెండూ ఒకేసారి కుదరాలంటే గోడ పల్చగా ఉండటం తప్ప దారి లేదు. 25 మిల్లీమీటర్ల సిరామిక్ రాషిగ్ రింగు, అంటే చిన్న గొట్టం ముక్క, తీసుకోండి, గోడ 3 మిల్లీమీటర్లు, క్యూబిక్ మీటర్‌కి దాదాపు 190 చదరపు మీటర్ల ఏరియా వస్తుంది కానీ ఖాళీ 74 శాతమే, అంటే టవర్‌లో నాలుగో వంతు మట్టి మనమే నింపుకున్నాం. అదే సైజులో, గోడకి కిటికీలు కోసిన మెటల్ పాల్ రింగులో ఏరియా కొంచెం ఎక్కువే, ఖాళీ 94 శాతం దాకా ఉంటుంది. ముడతల రేకు ప్యాకింగ్ అయితే 250 చదరపు మీటర్లు ఇచ్చి కూడా 95 శాతం పైనే ఖాళీ వదుల్తుంది. వ్యాక్యూమ్‌లో నడిచే కాలమ్‌కి (టవర్‌నే ఇలా కూడా అంటారు) ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది, ప్రెషర్ డ్రాప్, అంటే కిందకీ పైకీ ప్రెషర్ తేడా, పెరిగితే కింద ప్రెషర్ పెరుగుతుంది, దాంతో బాటమ్ టెంపరేచర్ పెరుగుతుంది, వేడికి ఆగని ప్రోడక్ట్ నల్లబడుతుంది.

మెటల్ నడిచే చోట ఈ గొడవే లేదు, స్టెయిన్‌లెస్ రేకు ముడత పెట్టేసుకుంటారు. గొడవంతా మెటల్ నడవని చోటే, అందులో ముందు చెప్పుకోవాల్సింది హైడ్రోక్లోరిక్ యాసిడ్ గురించి. ఇంగ్లండ్‌లో సోడా ఫ్యాక్టరీలు ఈ యాసిడ్ గ్యాస్‌ని (హెచ్‌సీఎల్) ఊళ్ల మీదకి వదిలేస్తుంటే 1836లో విలియం గాసేజ్ అనే ఆయన పాడుబడ్డ గాలిమర ఒకటి తీసుకుని అందులో ముళ్లకంపలు నింపి పైనుంచి నీళ్లు పోసి గ్యాస్‌ని పట్టాడు, తర్వాత అలాంటి టవర్లలో కోక్ నింపడం మామూలైపోయింది, 1863లో వచ్చిన ఆల్కలీ చట్టం ఆ గ్యాస్‌లో 95 శాతం పట్టాల్సిందే అంది. కోక్ అంటే కార్బనే కదా. కాబట్టి టవర్‌లో కార్బన్ వేయడం కొత్త ఐడియా ఏమీ కాదు, యాసిడ్‌కి కార్బన్ తట్టుకుంటుందని అప్పటి వాళ్లకే తెలుసు, వాళ్లకి లేనిదల్లా కార్బన్‌ని రేకులా పల్చగా చేసే దారి.

ఇప్పుడు ఆ యాసిడ్‌నే మరిగించే కాలమ్ ఒకటి అనుకోండి. నీళ్లూ హెచ్‌సీఎల్ కలిసి సుమారు 20 శాతం దగ్గర అజియోట్రోప్ అవుతాయి, అంటే ఆవిరిలోనూ ద్రవంలోనూ అదే పాళ్లలో మరుగుతాయి, మామూలు ప్రెషర్‌లో అది మరిగేది 108 డిగ్రీల దగ్గర. ఆ వేడికి పీపీ మెత్తబడి పైనున్న బరువుకి కిందికి కుంగుతుంది. పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ 140 దాకా పర్వాలేదు, టెఫ్లాన్ ఇంకా పైకి కూడా ఆగుతుంది, కానీ టెఫ్లాన్ బరువు పడితే మెల్లగా సాగుతుంది, పైగా వాటి మీద ద్రవం పొరలా పరుచుకోదు, బొట్లు బొట్లుగా జారిపోతుంది, డ్రాయింగ్‌లో చూపించిన ఏరియా అంతా తడవదు. టాంటలం అనే మెటల్ అద్భుతం, రేటు మాత్రం అడక్కండి, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తగిలితే అదీ పోతుంది. మిగిలింది సిరామిక్. హెచ్‌సీఎల్‌కి సిరామిక్ ఏమీ కాదు నిజమే, కానీ మీటరు డయా టవర్‌లో 6 మీటర్ల బెడ్ అంటే 4.7 క్యూబిక్ మీటర్లు, ఆ 25 మిల్లీమీటర్ల రింగులతో నింపితే బరువు 3 టన్నులు దాటుతుంది, ఆ బరువంతా కింద గ్రిడ్డే మోయాలి.

సిరామిక్ ఎలా చస్తుందో ఒకసారి దగ్గరగా చూస్తే ఈ మాట బాగా అర్థమవుతుంది. నింపేటప్పుడే పగలకూడదని టవర్‌లో నీళ్లు నింపి రింగుల్ని మెల్లగా వదుల్తారు, అంత జాగ్రత్త పడ్డా ఒకసారి ఫ్లడింగ్ అయిందా, అంటే ద్రవం కిందికి దిగక బెడ్‌లో నిండిపోయిందా, స్టార్టప్‌లో ఎవరైనా స్టీమ్ ఒక్కసారిగా తెరిచారా, బెడ్ ఎగిరి పడుతుంది, రింగులు పెంకులవుతాయి. నేను చూసిన ఒక షట్‌డౌన్‌లో కింది మ్యాన్‌హోల్ తెరిస్తే మొదట బయటికొచ్చింది పలుగురాళ్ల లాంటి ముక్కలే, గ్రిడ్ సందులన్నీ అవే, పంపు సక్షన్ స్ట్రెయినర్ నిండా అవే, కాంట్రాక్టర్ మనుషులు చేతులు తెగకుండా డబుల్ గ్లౌజులు వేసుకుని గోనెసంచుల్లోకి ఎత్తారు. అంతకుముందు నెలల తరబడి లాగ్‌షీట్‌లో ప్రెషర్ డ్రాప్ పెరుగుతూనే ఉంది, దానికి తగ్గట్టు ఫీడ్ తగ్గించుకుంటూ నడిపారు. ఆ తగ్గిన ప్రొడక్షన్ ప్యాకింగ్ ఖాతాలో ఎవరూ రాయలేదు, ఎక్కడా రాయరు కూడా.

కార్బన్ ఫైబర్ వచ్చి మార్చింది ఇక్కడే. చాలామంది ఫైబర్ వల్లే తుప్పు పట్టదనుకుంటారు, అది నిజం కాదు, యాసిడ్‌ని తట్టుకునేది కార్బన్, ఫైబర్ పని దాన్ని పగలకుండా పట్టి ఉంచడం, మట్టిలో వరిగడ్డి తొక్కి గోడ పెట్టినట్టు. ఫైబర్ లేని గ్రాఫైట్ రింగులు ఎప్పటినుంచో ఉన్నాయి, కానీ పల్చగా చేస్తే విరుగుతాయి కాబట్టి మందంగానే చేయాలి, మందంగా చేస్తే మళ్లీ సిరామిక్ కథే. కార్బన్ ఫైబర్ గుడ్డని ఫినాలిక్ రెజిన్‌లో తడిపి, ముడతలు పెట్టి, వేడికి గట్టిపరిచి, ఆ తర్వాత గాలి తగలని కొలిమిలో 1000 డిగ్రీల దాకా మెల్లమెల్లగా తీసుకెళ్తారు. రెజిన్‌లో సుమారు సగం బరువు గ్యాసై పోతుంది, మిగిలింది కార్బన్. తొందరపడి వేడి పెంచితే పొరలు విడిపోతాయి, కొలిమి రోజుల తరబడి కదలదు, అందుకే ఆ రేటు. చేతికొచ్చేది మిల్లీమీటరు లోపు రేకు, పైన గుడ్డ నేత గరుకు అలాగే ఉంటుంది, ద్రవం దాని మీద చక్కగా పరుచుకుంటుంది. టవర్‌లో 5 శాతం మాత్రమే కార్బన్ ఉందనుకుని లెక్కేస్తే క్యూబిక్ మీటర్‌కి 70, 80 కిలోలే, ఇందాక 3 టన్నులన్న బెడ్ 400 కిలోల లోపుకి వస్తుంది. ఉన్న షెల్‌లోనే, అంటే టవర్ బయటి గొట్టంలోనే, ఎక్కువ ఫీడ్ పంపొచ్చు, కొత్త ప్రాజెక్టయితే షెల్ సైజే తగ్గుతుంది, లోపల గాజు పూత ఉన్న గ్లాస్ లైన్డ్ షెల్ రేటు తెలిసినవాళ్లకి ఆ సైజు తగ్గడం ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఈ షెల్ ముక్క కొటేషన్ల టేబుల్లో కనబడదు, మొత్తం లెక్క తలకిందులయ్యేది అక్కడే.

వెండర్లు గట్టిగా చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. నైట్రిక్ యాసిడ్, క్రోమిక్ యాసిడ్, వేడి చిక్కటి సల్ఫ్యూరిక్ లాంటి ఆక్సిడైజ్ చేసే వాటికి కార్బన్ ఆగదు. గాలిలో 400 డిగ్రీలు దాటితే మెల్లగా కాలడం మొదలవుతుంది. ఇంకోటి, తడి యాసిడ్‌లో కార్బన్‌కి స్టెయిన్‌లెస్ తగిలి ఉంటే గాల్వానిక్ ఎఫెక్ట్‌తో తినబడేది స్టెయిన్‌లెస్, కాబట్టి ప్యాకింగ్ కార్బన్ తెచ్చుకుని సపోర్ట్ గ్రిడ్, పైనుంచి నొక్కిపట్టే హోల్డ్‌డౌన్ పాత మెటల్‌వే ఉంచేస్తే కార్బన్ బానే ఉంటుంది, గ్రిడ్డే కూలిపోతుంది. పైన ద్రవాన్ని పంచే డిస్ట్రిబ్యూటర్ సరిగా లేకపోయినా అంతే, రేకు ప్యాకింగ్ పైన పడ్డ ద్రవాన్ని ఉన్నదున్నట్టు కిందికి తీసుకెళ్తుంది, పైన ఒక మూల ఎండితే కిందికి కూడా చాలా దూరం ఆ మూల ఎండే ఉంటుంది.

మన దగ్గరికొద్దాం. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు బల్క్ డ్రగ్ యూనిట్లలో థయోనైల్ క్లోరైడ్ వాడితే సల్ఫర్ డయాక్సైడ్, హెచ్‌సీఎల్ కలిసి వస్తాయి, వాటిని మామూలు వేడిలో నీళ్లతో, కాస్టిక్‌తో కడిగే స్క్రబ్బర్‌కి పీపీ రింగులు బ్రహ్మాండంగా సరిపోతాయి, అక్కడ కార్బన్ అడిగే ఇంజినీర్‌ని నేనైనా వెనక్కి పంపిస్తాను. కానీ వాడిన యాసిడ్‌ని మరిగించి గ్యాస్ తిరిగి తీసుకునే చోట, రాక్ ఫాస్ఫేట్‌లోంచి ఫ్లోరిన్ వాయువులొచ్చి సిరామిక్‌లోని సిలికాని తినేసే ఎరువుల ప్లాంట్లలో వేడిగా ఉండే సెక్షన్ల దగ్గర, కనీసం లెక్క వేసి చూడాలి, చూడకుండా వద్దనకూడదు.

ఇంకో విచిత్రం ఏంటంటే కార్బన్‌లో కార్బన్ ఫైబర్ వేసే విద్య హైదరాబాద్‌కి కొత్త కాదు. 2012 ఏప్రిల్‌లో మొదటిసారి పరీక్షించిన అగ్ని 5 క్షిపణి వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు కాలిపోకుండా కాచిన హీట్ షీల్డ్ కార్బన్ కాంపోజిట్‌దే, ఆ పని చేసిన అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీ ఈ ఊళ్లోనే ఉంది. దానికి కావాల్సిన నాణ్యత వేరు, టవర్ ప్యాకింగ్‌కి అందులో కొంత చాలు, కాకపోతే గుడ్డ, రెజిన్, కొలిమి అనే దారి ఒకటే. ఆర్డర్లు లేనిదే ఇక్కడ ఎవరూ కొలిమి పెట్టరు, కొటేషన్ టేబుల్లోనే ఫైల్ మూసేస్తుంటే ఆర్డర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి.

నమ్మకం కుదరనివాళ్లు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. వచ్చే షట్‌డౌన్‌లో అరచేయంత కార్బన్ రేకు ముక్క తూకం వేసి, టెఫ్లాన్ తీగతో కట్టి, మీ కాలమ్‌లో వేడి ఎక్కువుండే చోట వేలాడదీయండి, పక్కనే ఇప్పుడు వాడుతున్న రింగు కూడా ఒకటి కట్టండి, మళ్లీ మ్యాన్‌హోల్ తెరిచినప్పుడు రెండూ కడిగి ఆరబెట్టి తూచండి. వెండర్ శాంపిల్‌గా ఇస్తే ఆ ముక్కకి పర్చేజ్ ఆర్డర్ కూడా అక్కర్లేదు.