ఆధార్ ఫొటోతో పెద్దకర్మ ఫ్లెక్సీ

పొద్దున్నే వీధి మలుపులో ఇంకో పెద్దకర్మ ఫ్లెక్సీ. ఆధార్ కార్డులో ఉన్న బొమ్మనే నాలుగడుగులకు సాగదీశారు. కళ్ల చోట రెండు మసక చుక్కలు. కింద జననం: జూలై 1. మళ్లీ అదే జూలై 1! బళ్లో వేసేరోజు హెడ్మాస్టారు లెక్క సరిపోవడానికి వేసిన తేదీ అది. అసలు ఎప్పుడు పుట్టారో కన్నపిల్లలు ఒక్కసారైనా అడిగి ఉంటే ఆ తేదీ ఫ్లెక్సీ దాకా వచ్చేది కాదు.

పెద్దవాళ్లకు గుర్తుండదని చెప్పకండి, ఒళ్లు మండుతుంది. అడగడం మనకే రాదు. "నీ జీవితం గురించి చెప్పు నాన్నా" అంటే "ఏముందిరా చెప్పడానికి" అనే అంటారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి పెళ్లయిందా? 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం, ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు? 1986 గోదావరి వరదలప్పుడు ఏ ఊళ్లో పని? మొదటి జీతమెంత, ఇంటికెంత పంపారు? సైకిలు ఎవరి దగ్గర అప్పు చేసి కొన్నారు? ఇలా అడగండి, ఆగకుండా చెబుతారు. ఫోన్లో రికార్డింగు పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద వాళ్లకు జానెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపండి, లేకపోతే మాట కంటే గాలి హోరే ఎక్కువ పడుతుంది. ఇరవై నిమిషాలు చాలు, అలసిపోతారు. మిగతాది రేపు.

ఇక ఫొటోలు. వాటికి లామినేషన్ చేయించేవాళ్లను ఏమనాలో తెలియడం లేదు. వేడికి ఆ ప్లాస్టిక్ ఫొటోకి అతుక్కుపోయాక మళ్లీ ఊడదు, బలవంతంగా లాగితే ముఖం కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఎనభైల్లో, తొంభైల్లో కొన్న జిగురు అట్టల ఆల్బమ్ ఉంటే బయటికి తీయండి. ఆ జిగురు గీతలు పసుపెక్కి ఫొటో వెనకకు పాకుతాయి. గోటితో మూల లేపారో, ఫొటో మడతపడి పగులుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్న దారం అట్టకీ ఫొటోకీ మధ్య దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగండి. రాకపోతే వదిలేయండి. పై ప్లాస్టిక్ ఎత్తి, కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసుకోండి. తీసింది వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే కుదించేస్తుంది, ఫ్లెక్సీ మీద మసక ముఖం రావడానికి అదీ ఒక కారణమే. వెనక పేర్లు రాసేది మెత్తటి పెన్సిల్‌తో. బాల్‌పెన్ను నొక్కు ఇవతలి వైపు గాటులా తేలుతుంది.

అసలు కడుపుమంట వేరే ఉంది. నాన్న సర్కారు ఉద్యోగైతే సర్వీసు రిజిస్టరు ఉంటుంది. చేరిన రోజు, ప్రతి ఇంక్రిమెంటు, ప్రతి సెలవు, చివరికి పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో కూడా అందులో ఉంటుంది. అమ్మకేముంది? యాభై ఏళ్ల చాకిరీకి ఫ్లెక్సీ మీద "గృహిణి" అన్న మూడక్షరాలు! పొలం పాసుపుస్తకం బీరువాలో భద్రం, ఆవిడ ఆవకాయ కొలత మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. అడిగితే గుప్పెడు చూపిస్తుంది. ఆ గుప్పెడు తూకం వేయండయ్యా! కారం, ఉప్పు, ఆవపిండి జాడీలో పడకముందే గిన్నె తక్కెడ మీద పెట్టి, ఆవిడ చేత్తోనే వేయించి, అంకె రాసుకోండి.

ఆవిడ పెళ్లికి ముందు ఫొటో ఒకటి ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉంటుంది. పక్కన భుజం మీద చెయ్యేసి ఒకమ్మాయి నవ్వుతూ ఉంటుంది. కాపురానికొచ్చాక ఆ స్నేహం గురించి ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు, మొగుడూ, పిల్లలూ కూడా. ఆ అమ్మాయి ఎవరో చెప్పగలిగేది ఆవిడొక్కతే. ఆ పేరు ఇంటిపేరుతో సహా రాసుకోండి, పుట్టింటిదీ అత్తింటిదీ రెండూ.