సమాధుల మీద పులిహోర

మన తెలుగు సంఘం జూలై వనభోజనాల మీద వాట్సాప్ గ్రూపుల్లో రేగిన రభస ఇంకా చల్లారలేదు. కార్తీకంలో పెట్టుకోవాల్సిన వనభోజనాలు జూలైలో ఏమిటని అడిగే కొత్తవాళ్లు ఒకసారి నవంబరులో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఈ పెనైన్ కొండల మీద గాలికి నిలబడి చూడాలి. సరే, గొడవ అది కాదు. లోయలోని హెబ్డెన్ బ్రిడ్జి, దాని పైన కొండ మీదున్న హెప్టన్‌స్టాల్ ఊళ్లు చూపిస్తామని కమిటీ పెద్ద కోచ్ బస్సు కుదిర్చింది. కోచ్ కొండ ఎక్కే మలుపు దగ్గరే ఆగిపోయింది. ఉన్న కొద్ది కార్లలో జనాన్ని దఫాలుగా పైకి చేరవేసేసరికి మధ్యాహ్నం దాటింది, పిల్లలు ఆకలని ఒకటే ఏడుపు. పైన కప్పు లేని పాత చర్చి ఆవరణ విశాలంగా, చదునుగా, రాళ్లు పరిచి కనబడింది. జంపఖానాలు వేశారు. పులిహోర, దద్దోజనం ట్రేలు తెరిచారు. స్పీకర్లో పాటలు పెట్టారు. ఆ ఊరి పెద్దావిడ ఒకరు వచ్చి, మీరు కూర్చున్నవి సమాధులని మెల్లగా చెప్పి వెళ్లిపోయారు. తర్వాత ఆ ఊరి నుంచి సంఘానికి ఈమెయిల్ వచ్చింది. దాన్ని ఎవరో గ్రూపులో పెట్టారు.

అక్కడి నుంచి రెండు వర్గాలు. ఇది జాత్యహంకారం, తెల్లవాళ్లు కూర్చుంటే అడిగేవారా అన్నది ఒక వర్గం. మనవాళ్లు ఎక్కడికెళ్లినా ఇంతే, సివిక్ సెన్స్ లేదు అన్నది రెండోది. మొదటివాళ్లు ఈమెయిల్ చదవకుండా మాట్లాడారు. అందులో ఉన్నది ఒకే కోరిక, మా వాళ్ల సమాధుల మీద తినకండి అని. రెండోవాళ్ల మాట పైకి పెద్దరికంలా వినిపిస్తుంది కానీ అదీ బద్ధకమే. శ్మశానానికి వెళ్లొస్తే తలస్నానం చేస్తే గాని గడప తొక్కని ఇళ్లు మనవి. ఆ రోజు అక్కడ కూర్చున్న అత్తయ్యలు, బాబాయిలు అవి సమాధులని తెలిస్తే మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది తీసుకెళ్లినవాళ్లు.

తెలియకపోవడానికి కారణం ఆ ఆవరణే. అక్కడ సమాధి రాళ్లు ఎక్కువ భాగం నిలువుగా ఉండవు. నేల మీద పడుకోబెట్టి, అంచుకు అంచు కలిపి, పెరట్లో బండలు పరిచినట్టు పరిచారు. వందల ఏళ్లుగా నడిచిన కాళ్లకు, వానకు అక్షరాలు అరిగిపోయాయి. నాచు పట్టింది. వంగి చూస్తే తప్ప పేరు, సంవత్సరం కనబడవు. ఒకే ప్రాంగణంలో రెండు చర్చిలు ఉండటం ఇంకో తికమక. థామస్ బెకెట్ పేరిట 13వ శతాబ్దంలో కట్టిన పాత చర్చి 1847 తుఫానుకు బాగా దెబ్బతింది. దాన్ని పూర్తిగా కూల్చకుండా పక్కనే కొత్తది కట్టి 1854లో ముగించారు. పాతదానికి గోడలు, తోరణాలు, గోపురం మిగిలాయి, ఆకాశమే కప్పు. చూడగానే పార్కులో శిథిలం అనిపిస్తుంది, పిక్నిక్‌కు రమ్మన్నట్టే ఉంటుంది. అది శ్మశానం.

ఆ రాళ్ల కింద ఉన్నవాళ్లలో డేవిడ్ హార్ట్‌లీ ఒకడు. 1760లలో ఈ లోయలోని క్రాగ్ వేల్‌లో బంగారు నాణేల అంచులు కత్తిరించి, ఆ తునకలు కరిగించి దొంగ నాణేలు ముద్రించిన ముఠాకు నాయకుడు. కత్తిరించాక అంచుకు మళ్లీ గాట్లు పెట్టి అసలు నాణెంలాగే చలామణీ చేసేవారు. పోర్చుగీసు నాణేలు కూడా అప్పట్లో ఇక్కడ చెల్లేవి, వాటికీ నకళ్లు చేశారు. పట్టుకోవడానికి వచ్చిన ఎక్సైజు అధికారి విలియం డైటన్‌ను 1769లో హాలిఫాక్స్‌లో చంపేశారు. 1770లో హార్ట్‌లీని యార్క్‌లో ఉరి తీశారు. చేనేత పని పడిపోయి ఇళ్లు గడవని రోజుల్లో పుట్టిన నేరం అది, అందుకే ఆ ఊళ్లో ఇప్పటికీ అతని మీద కాస్త జాలి ఉంటుంది. వచ్చినవాళ్లు ఆ రాయి మీద చిల్లర పెట్టి వెళ్తుంటారు. సందు దాటితే కొత్త శ్మశానం. 1963లో చనిపోయిన అమెరికన్ కవయిత్రి సిల్వియా ప్లాత్ అక్కడ ఉంది. ఆమె భర్త టెడ్ హ్యూస్ పుట్టింది కింద మైథమ్‌రాయిడ్‌లో. ఆ రాతి మీద భర్త ఇంటిపేరును అభిమానులు ఒకటికి రెండుసార్లు చెక్కి తీసేశారు. ఆ ఊరివాళ్ల సమాధుల జోలికి వెళ్లింది మనమొక్కళ్లమే కాదు, వాళ్ల విసుగు వెనక చాలా ఏళ్లున్నాయి.

ఇక కోచ్ సంగతి. ఇది డ్రైవరు తప్పు కాదు. లోయ అడుగున సాగే ఏ646 రోడ్డు నుంచి హెప్టన్‌స్టాల్ రోడ్డు దాదాపు వెనక్కి తిరిగి పైకి లేస్తుంది. హాలిఫాక్స్ వైపు నుంచి వచ్చే బండి ఆ మలుపు నేరుగా తీసుకోలేదు. టాడ్‌మర్డెన్ వైపు ఇంకాస్త ముందుకెళ్లి, దాని కోసమే కట్టిన టర్నింగ్ సర్కిల్‌లో తిరిగి వెనక్కి రావాలి. ఆ తర్వాతా రోడ్డు నిటారు, ఊళ్లో వీధి రాతి దిమ్మెలతో పరిచిన ఇరుకు సందు. తిరిగే చోటు లేదు, ఆగే చోటు లేదు. ఆ కొండకు చిన్న బస్సు నడుస్తుంది, అదే సరైన కొలత. దారి చూపే సాట్‌నావ్‌లో మైళ్లు చూసి కోచ్ మాట్లాడితే ఇలాగే అవుతుంది.

హెబ్డెన్ బ్రిడ్జికి రైలే మేలు. మాంచెస్టర్ విక్టోరియా నుంచి నలభై నిమిషాల లోపు, లీడ్స్ నుంచి ముప్పావుగంట పైచిలుకు. 3 నుంచి 9 మంది పెద్దలు కలిసి వెళ్తే రద్దీ లేని వేళల్లో గ్రూప్‌సేవ్ రాయితీ టికెట్ ధరలో మూడో వంతు తగ్గిస్తుంది. ఆ తొమ్మిదే మనకు జట్టు లెక్క కూడా కావాలి. తొమ్మిది మంది ఆ వీధిలో నడిస్తే అతిథులు, అరవై మంది దిగితే ఊరేగింపు. స్టేషన్ నుంచి కాలవ పక్కగా నడిస్తే పది నిమిషాల్లో ఊరి మధ్యకు వస్తారు. రోచ్‌డేల్ కాలవ అది, 1804లో పెనైన్ కొండలు దాటించి పూర్తి చేశారు. 1952లో మూసేసి, 2002లో మళ్లీ చివరిదాకా తెరిచారు.

పైకి వెళ్లే అసలు దారి బట్రెస్. హెబ్డెన్ వాటర్ అనే ఏటి మీద 1510 ప్రాంతంలో కట్టిన రాతి వంతెన దాటగానే ఎదురుగా లేస్తుంది. ఊరి పేరు ఆ వంతెనదే. సరుకు గుర్రాలు బారుగా ఎక్కడానికి రాతి దిమ్మెలు పరిచిన బాట. మొత్తం ఎక్కుడు సుమారు 150 మీటర్ల ఎత్తు, ఆగి ఆగి ఎక్కితే అరగంట, పిల్లలతో ముప్పావుగంట. వాన పడ్డ మర్నాడు, ఆకులు రాలే నెలల్లో ఆ రాళ్లు సబ్బు పూసినట్టుంటాయి. చెప్పులు, శాండల్స్ వద్దు, అడుగున పట్టున్న బూట్లు వేసుకోండి. చీర కట్టుకున్నా పర్లేదు, బూట్లు మాత్రం మార్చొద్దు. స్ట్రోలర్ ఆ బాట మీద పనికిరాదు, చంటిపిల్లల్ని వీపుకో ఛాతీకో కట్టుకునే క్యారియర్ తెచ్చుకోవాలి. ఎక్కడం కంటే దిగడం కష్టం, మోకాళ్ల మీద పడుతుంది. అమ్మమ్మలూ తాతయ్యలూ పైకీ కిందికీ చిన్న బస్సులోనే వెళ్లాలి. బస్సు గంటలు ముందే చూసుకోండి, ఆదివారం నమ్ముకోవద్దు. కింద ఎండగా ఉన్నా పైన గాలి వేరు, జూలైలోనూ ఒక జాకెట్ ఉండాలి. టాయిలెట్ పని కిందే ముగించుకుని బయల్దేరడం మంచిది.

పొద్దున్నే పైకి, మధ్యాహ్నానికి కిందికి. ఈ వరస తిప్పకూడదు, ఎందుకంటే చరిత్ర నడిచిందే అలా. ఒకప్పుడు లోయ అడుగంతా బురద, అడవి. మనుషులు, దార్లు కొండ భుజం మీద ఉండేవి. హెప్టన్‌స్టాల్ ఉన్ని నేత ఊరు. గుడ్డ అమ్మకానికి 16వ శతాబ్దం నడుమ కట్టిన క్లాత్ హాల్ ఇంకా నిలబడే ఉంది, ఇప్పుడు అందులో కాపురాలున్నాయి. నేతగాళ్ల ఇళ్లు గుర్తుపట్టడం తేలిక. పై అంతస్తులో రాతి కమ్మీల మధ్య ఇరుకైన కిటికీలు వరసగా ఉంటాయి, మగ్గం మీదికి వెలుగు పడాలని. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో గుంట మగ్గం నేలలోకి దిగుతుంది. ఇక్కడ మగ్గం మేడెక్కింది. మన సంఘంలో నేత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. ఆ కిటికీల కింద నిలబడి పడుగూ పేకా గురించి పిల్లలకు చెప్పగలిగిన పెద్దవాళ్లను ఆ రోజు కార్ల చుట్టూ తిప్పి, ట్రేలు మోయించారు.

18వ శతాబ్దం చివర నీటి చక్రాలతో నడిచే మిల్లులు వచ్చాయి. నీళ్లు కిందున్నాయి కాబట్టి పని కిందికి దిగింది. తర్వాత కాలవ, 1840లో రైలు. హెబ్డెన్ బ్రిడ్జి పెరిగింది, హెప్టన్‌స్టాల్ ఉన్నచోట ఆగింది. కొత్తగా కట్టుకునే డబ్బు పైకి రాలేదు, అందుకే మనం చూడటానికి ఆ ఊరు మిగిలింది. పైన ఇంకోటి తప్పక చూడాలి, 1764 నాటి ఎనిమిది మూలల మెథడిస్టు ప్రార్థన మందిరం. ఆ క్రైస్తవ శాఖ స్థాపకుడు జాన్ వెస్లీ స్వయంగా వచ్చి బోధించిన చోటు. ప్రార్థనలు జరిగే వేళ లోపలికి తొంగి చూడొద్దు. పాత బడిలోని మ్యూజియం అన్ని రోజులూ తెరవరు, కనుక్కుని వెళ్లండి.

కింద ఊళ్లో మిల్లులు నేసింది ఫస్టియన్. మందపాటి నూలు గుడ్డ, పేక పోగుల లూపులను పొడవాటి సన్నకత్తితో బారుగా కోస్తే నూగు లేస్తుంది, కార్డురాయ్ ఆ జాతిదే. పనివాళ్ల ప్యాంట్లు అంత కుట్టారు కాబట్టి ట్రౌజర్ టౌన్ అని పేరు పడింది. సెయింట్ జార్జ్ చౌకులో నిలబెట్టిన పెద్ద కత్తి ఆ పనిముట్టే. ఇళ్లు చూస్తే మన వాస్తు పండితులకు జ్వరం వస్తుంది. చదును లేక వాలు మీదే నాలుగు అంతస్తులు లేపారు. కింది రెండు ఒక ఇల్లు, గుమ్మం కింది వీధిలోకి. పై రెండు ఇంకొకరి ఇల్లు, గుమ్మం వెనక ఉన్న ఎత్తు వీధిలోకి. ఒకరి నేల ఇంకొకరి కప్పు. కింది ఇంటి వెనక గోడ కొండకు ఆని ఉంటుంది, అటు కిటికీ ఉండదు. లోయ ఇరుకు కావడం వల్లే నీళ్లూ వేగంగా లేస్తాయి. 2015 బాక్సింగ్ డే (డిసెంబరు 26) నాడు ఊరు మునిగింది. వరద సైరన్ మోగితే ఫోటోలు ఆపి ఎత్తుకు నడవాలి, అంతే.

తిండి దగ్గరికి వద్దాం, అసలు పట్టింపు అక్కడే. ట్రేలు మోసుకెళ్లడం నామోషీ అనేవాళ్లతో ఏకీభవించలేం. తెల్లవారుజామున లేచి అరవై మందికి పోపు పెట్టిన చేతులకు దండం పెట్టాలి. శాకాహారులు, ఉపవాసాలవాళ్లు, చంటిపిల్లలు ఉన్నప్పుడు బయట ఏం దొరుకుతుందో అన్న బెంగా నిజమే. కానీ ఒక ఊరికి వెళ్లి, దాని వీధుల్లో నడిచి, దాని టాయిలెట్లు వాడి, పైసా ఖర్చు పెట్టకుండా ఫాయిల్ ట్రేలు దాని డబ్బాల్లో పడేసి రావడం ఏ మర్యాద? మన ఊరి జాతరకు వచ్చినవాళ్లు అలా చేస్తే మనం ఊరుకుంటామా? హెబ్డెన్ బ్రిడ్జిలో శాకాహారం దొరకదన్న మాటే తప్పు, అక్కడి కేఫుల్లో అది మామూలు. గురువారం సంత కూడా ఉంటుంది. ఇంటి పులిహోర తప్పదంటే కాలవ పక్క పార్కులో కూర్చుని తిని, చెత్త మన సంచీలోనే తెచ్చుకుందాం. స్పీకరు మాత్రం ఇంట్లోనే వదిలేద్దాం, దాని తరఫున చెప్పగలిగింది ఏమీ లేదు.

ఆ ఈమెయిల్‌కు సంఘం ఇంతవరకు జవాబు రాయలేదని విన్నాం. ఏమని రాయాలన్న చర్చలో నెలలు గడుస్తున్నాయి. నాలుగు వాక్యాలు చాలు: తెలియక జరిగింది, తెలియజెప్పాల్సిన బాధ్యత మాది, క్షమించండి, మళ్లీ చిన్న జట్లుగా వస్తాం. ప్రెసిడెంటు గారు సంతకం చేస్తే ఎవరి పరువూ పోదు.

మళ్లీ వెళ్లడానికి రోజు గుడ్ ఫ్రైడే అయితే బాగుంటుంది. ఆ రోజు హెప్టన్‌స్టాల్ వీవర్స్ స్క్వేర్‌లో పేస్ ఎగ్ అనే వీధినాటకం ఆడతారు. సెయింట్ జార్జ్ కత్తియుద్ధాలు, చచ్చిపడ్డవాణ్ని లేపే వైద్యుడు, నవ్వులాట. టికెట్ లేదు, జోలె పడతారు, చిల్లర తీసుకెళ్లండి. జనం బాగా వస్తారు కాబట్టి ముందుగా చేరితే తప్ప పిల్లలకు కనబడదు. ఈస్టరు సెలవుల్లో రైలు పట్టాల పనులు పెడుతుంటారు, టికెట్లు కొనేముందు చూసుకోవాలి. ఉగాది ఖర్చుల లెక్క తేల్చడానికి ఎలాగూ జనరల్ బాడీ కూడుతుంది. ఎజెండాలో దీన్నీ ఒక అంశంగా చేర్చి, ఒక్కో జట్టుకు దారి తెలిసినవాళ్లను ఒకరిని కేటాయించి, పేర్లు అప్పుడే రాసుకోవాలని కమిటీకి మనవి.